బాంబు కంటే ముందు బూజు: యుద్ధంలో ఒక చిన్న మ్యూజియం కేసు

ఈ కేసు ఉక్రెయిన్‌లోని ఒక చిన్న పట్టణ మ్యూజియానిది. 2022 వసంతం నుంచి 2023 వేసవి దాకా నడిచింది. ఊరి పేరు, ప్రాంతం, వస్తువుల సంఖ్య, కొన్నిటిని తరలించిన దారి ఇక్కడ రాయడం లేదు. ఒకటి రెండు వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను. అవి బయటపడితే ఆ వస్తువులకూ, వాటిని చూసుకునే మనుషులకూ ప్రమాదం.

నేపథ్యం

నేను కాగితం, తాళపత్రాలు, రంగులు వేసిన చెక్క వస్తువుల సంరక్షణ చేస్తాను. నా పనిలో ఎక్కువ భాగం కోస్తా జిల్లాల్లోనే. అక్కడ వానాకాలంలో కరెంటు పోతే ఏసీ గదిలోని తాళపత్రాల కట్టలకు వారంలో ఏం పడుతుందో మాకు బాగా తెలుసు. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తిస్థాయి దాడి మొదలుపెట్టాక, ఉక్రెయిన్ మ్యూజియంలకు దూరం నుంచి సాంకేతిక సలహా ఇచ్చే కన్సర్వేటర్లతో నేనూ కలిశాను. యంత్రాల మీద ఆధారపడకుండా తేమను ఎలా అదుపు చేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ మ్యూజియం నా వంతుకు వచ్చింది. నేను అక్కడికి వెళ్లలేదు. వీడియో కాల్స్, ఫొటోలు, డేటా లాగర్ (ఉష్ణోగ్రత, తేమ ఎప్పటికప్పుడు నమోదు చేసే చిన్న పరికరం) రీడింగ్‌లు, మధ్యలో ఒక అనువాదకురాలు. అంతా వీటి మీదే నడిచింది.

మ్యూజియం భవనం పాతది, మందమైన ఇటుక గోడలది. కింద నేలమాళిగ, పైన రెండు అంతస్తులు. గ్రౌండ్ ఫ్లోర్ మధ్యలో కిటికీలు లేని పొడవాటి నడవా ఒకటి ఉంది. సేకరణలో మూడు రకాలు ముఖ్యం. మొదటివి ఐకాన్లు, అంటే చెక్క పలక మీద సుద్ద, జిగురు కలిపిన పూత వేసి, దానిపై గుడ్డుసొన రంగులతో గీసిన పవిత్ర చిత్రాలు. రెండోవి రుష్నిక్‌లు, తెల్లటి నార బట్ట మీద ఎర్ర దారంతో కుట్టుపని చేసిన పొడవాటి తువ్వాళ్లు. అక్కడ పెళ్లికీ చావుకీ వీటిని వాడతారు, ఐకాన్ చుట్టూ కూడా కడతారు. మూడోవి పాత చర్చి పుస్తకాలు, ఉత్తరాలు, ఫొటోలు. ఇవి కాక కుండలు, నాణేలు, ఇనుప పనిముట్లు.

యుద్ధం మొదలైన రోజుల్లో సిబ్బంది అన్నిటినీ నేలమాళిగలోకి దించారు. అప్పుడు అందరూ చేసిందీ అదే. కీవ్ దగ్గరి ఇవాన్కివ్ ఊళ్లో స్థానిక చరిత్ర మ్యూజియం యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే కాలిపోయింది. అక్కడున్న ప్రముఖ చిత్రకారిణి మరియా ప్రిమచెంకో చిత్రాల్లో కొన్నిటిని ఊరివాళ్లే మంటల్లోంచి బయటికి తెచ్చారు. ఆ ఫొటోలు చూసిన ఏ మ్యూజియం ఉద్యోగి అయినా వస్తువులను భూమిలోపల దాచాలనే అనుకుంటారు. ఈ మ్యూజియంలోనూ దొరికిన పాలిథిన్ ఫిల్మ్ అంతా వాడి ఒక్కోదాన్నీ గట్టిగా చుట్టేశారు. దుమ్ము, నీళ్లు, పగిలిన గాజు పడకుండా అది సరైన పనే. కొన్ని వారాలకే పనికొచ్చే ఏర్పాటు అది. యుద్ధం మాత్రం నెలల తరబడి సాగింది.

సమస్య

శరదృతువు వచ్చేసరికి భాండాగారం చూసుకునే ఆవిడ ఒక ఐకాన్ వెనక తెల్లటి పొడి కనిపించిందని రాశారు. ఫొటో పెద్దది చేసి చూస్తే అది బూజే. మరో నాలుగైదింటి ఫిల్మ్ లోపలి వైపు నీటి చుక్కలు కనిపించాయి. ఒక చర్చి పుస్తకం అట్ట మెత్తబడింది. లాగర్ పెట్టించాం. నేలమాళిగలో ఉష్ణోగ్రత 12 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ 80 శాతం దగ్గర నిలకడగా ఉన్నాయి. 65 దాటి చాలాకాలం ఉంటే బూజుకు దారి తెరిచినట్టే.

తేమ ఎక్కడి నుంచి వస్తోందో తేలాకే ఏ సలహా అయినా ఇవ్వాలనుకున్నాను. పాత ఇటుక గోడలు నేలలోని చెమ్మను పైకి లాగుతాయి. అది ఊహించిందే. కానీ రీడింగ్‌ల గ్రాఫ్‌లో ఇంకోటి కనిపించింది. కొన్ని రాత్రులు తేమ ఉన్నట్టుండి ఎగబాకి, తెల్లవారాక మెల్లగా దిగుతోంది. ఆ రాత్రులు వైమానిక దాడి సైరన్లు మోగిన రాత్రులు. నేలమాళిగలో సగం భాగం చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఆశ్రయం. పిల్లలు, ముసలివాళ్లు గంటల తరబడి అక్కడే కూర్చునేవారు. ఊరకే కూర్చున్న మనిషి కూడా శ్వాస ద్వారా, ఒంటి నుంచి గంటకు సుమారు 40 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతాడు. ముప్పై మంది ఆరు గంటలు ఉంటే ఏడు లీటర్ల పైమాటే.

"మనుషుల్ని రావద్దనలేను," అన్నారావిడ, నేను ఏమీ అడగకముందే. అడిగే ఉద్దేశం నాకూ లేదు. ఈ కేసులో ఎన్ని చర్చలు జరిగినా ఆ ఒక్కటీ ఎప్పుడూ చర్చకు రాలేదు. ఐకాన్లను కాపాడేది ఆ ఊరి మనుషుల కోసమే కదా. కాబట్టి మనుషులు నేలమాళిగలోనే ఉంటారు, కదలాల్సింది వస్తువులే. మిగతా నిర్ణయాలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

ముందు చేసినవి, అవి ఎందుకు సరిపోలేదు

మొదట ఫిల్మ్ విప్పించాం. చెక్క, బట్ట, కాగితం తమలో కొంత నీటిని దాచుకుంటాయి. బయట చలి పెరిగితే ఆ నీరు ఆవిరై ఫిల్మ్ లోపలి వైపు చుక్కలుగా పడుతుంది. బయటికి పోయే దారి లేక మళ్లీ వస్తువు మీదే కారుతుంది. ఫిల్మ్ తీసి, గంజి పెట్టని పాత నూలు దుప్పట్లు వదులుగా కప్పించాం. వాసన తగ్గింది, బూజు కొత్తగా పాకడం కొంత నెమ్మదించింది. కానీ గదిలో తేమ 80 దగ్గరే ఉంది.

తర్వాత విరాళంగా రెండు డీహ్యూమిడిఫైయర్లు, అంటే గాలిలోని తేమను లాగేసే యంత్రాలు వచ్చాయి. అవి కంప్రెసర్‌తో నడిచే మామూలు రకం. ఇవి వెచ్చటి గదిలో బాగా పనిచేస్తాయి, 12 డిగ్రీల చలిలో సామర్థ్యం బాగా పడిపోతుంది. అయినా ఏమీ లేనిదానికంటే నయమని పెట్టించాం. 2022 అక్టోబర్ 10 నుంచి ఉక్రెయిన్ విద్యుత్ వ్యవస్థ మీద పెద్ద ఎత్తున దాడులు మొదలయ్యాయి. రోజులో కరెంటు ఉండేది కొన్ని గంటలు, ఆ గంటలు కూడా చెప్పి రావు. తేమ తగ్గడం, మళ్లీ పెరగడం, మళ్లీ తగ్గడం. చెక్క పలకకు నిలకడైన 80 ఎంత చెడ్డదో ఈ ఊగిసలాట అంతకంటే చెడ్డది. తేమ పెరిగితే పలక ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పైనున్న సుద్ద పూతకు అంత సాగే గుణం లేదు. అది పగిలి పెచ్చులుగా లేస్తుంది. రెండు ఐకాన్ల మీద అంచుల్లో పెచ్చులు లేచాయని తెలియగానే యంత్రాలు ఆపేయమన్నాను. వాటిని ఆశ్రయం వైపుకు మార్చారు. కరెంటున్నప్పుడు అక్కడివాళ్లకు కాస్త పొడిగాలి దొరికింది.

మూడో ఆలోచన, అన్నిటినీ పశ్చిమం వైపు తరలించడం. హార్కివ్ ప్రాంతంలో తత్వవేత్త స్కొవొరొదా మ్యూజియం మీద 2022 మే నెలలో క్షిపణి పడి భవనం కాలిపోయింది. ముఖ్యమైన వస్తువులను అంతకుముందే వేరేచోటికి మార్చడం వల్ల అవి బతికాయి. అది చూశాక తరలింపు మీద అందరికీ ఆశ పెరిగింది. కానీ ఇక్కడ రెండు అడ్డంకులు. ప్రభుత్వ సేకరణలోని వస్తువును కదిలించాలంటే పై నుంచి లిఖితపూర్వక అనుమతి కావాలి, అది రావడానికి చాలా ఆలస్యమైంది. రెండోది నా వైపు అభ్యంతరం. మ్యూజియంలో అన్నిటికంటే విలువైన ఐకాన్లే అన్నిటికంటే బలహీనంగా ఉన్నాయి. పెచ్చులు లేచిన ఐకాన్ గతుకుల రోడ్డు మీద వందల కిలోమీటర్లు ప్రయాణిస్తే, చేరేసరికి చెక్క మిగులుతుంది, బొమ్మ మిగలదు.

దాంతో విలువను బట్టి జాబితా వేసే పద్ధతి వదిలేశాం. దానికి బదులు ప్రతి వస్తువు గురించీ రెండు ప్రశ్నలు వేసుకున్నాం: ప్రయాణం తట్టుకుంటుందా? దొంగిలిస్తే సులభంగా అమ్ముడుపోతుందా? రెండింటికీ అవునని జవాబొస్తే అది ముందు వెళ్లాలి. అలా నాణేలు, చిన్న లోహపు వస్తువులు, గట్టిగా ఉన్న కొన్ని ఐకాన్లు, ఎంపిక చేసిన రుష్నిక్‌లు అనుమతి రాగానే వెళ్లిపోయాయి. మిగతావి ఉన్నచోటే ఉండాలి.

నడవా నిర్ణయం

ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది ఇక్కడే.

నేలమాళిగలో ఉంటే పేలుడు నుంచి రక్షణ. కానీ చలికాలం గడిచేసరికి ఐకాన్లకు, పుస్తకాలకు బూజు ఖాయం. పైకి తెస్తే బూజు ఆగుతుంది, పేలుడు ప్రమాదం పెరుగుతుంది. సిబ్బందిలో సగం మంది పైకి తేవడానికి ఒప్పుకోలేదు. కిందికి మోసింది వాళ్లే, పైన ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సిందీ వాళ్లే. ఆ భయం న్యాయమైనదే.

నేను వాళ్ల ముందు పెట్టింది పాత అనుభవాలు. లెబనాన్ రాజధాని బేరుట్‌లోని జాతీయ మ్యూజియంలో 1975లో అంతర్యుద్ధం మొదలయ్యాక, దాని అధిపతి మోరిస్ షెహాబ్ పెద్ద శిల్పాల చుట్టూ కాంక్రీటు పోయించి, చిన్న వస్తువులను నేలమాళిగలో గోడ కట్టి మూయించాడు. దొంగల నుంచి, తూటాల నుంచి అవి బతికాయి. కానీ పదిహేనేళ్ల యుద్ధం తర్వాత నేలమాళిగ తెరిస్తే లోపల నీళ్లు చేరి చాలా వస్తువులు దెబ్బతిని ఉన్నాయి. ఆఫ్రికా దేశం మాలీలో 2012లో సాయుధ గుంపులు టింబక్టు పట్టణాన్ని పట్టుకున్నప్పుడు అక్కడి కుటుంబాలు, గ్రంథాలయాల వాళ్లు లక్షల రాతప్రతులను ఇనప పెట్టెల్లో రాజధాని బమాకోకు చేర్చారు. అసాధారణమైన ధైర్యం అది. కానీ ఎడారి పొడిగాలికి అలవాటైన ఆ కాగితానికి బమాకో వానాకాలపు చెమ్మ కొత్త శత్రువైంది. రెండు చోట్లా దాచినవాళ్లు చేసింది సరైన పనే. దాచిన చోటి గాలిని ఆ తర్వాత ఎవరు చూసుకోవాలి అన్నదే మిగిలిన ప్రశ్న.

ఇక లెక్క. ఖాయంగా జరిగే నష్టాన్నీ, జరిగే అవకాశమున్న నష్టాన్నీ పక్కపక్కన పెట్టాం. ఉక్రెయిన్‌లో ప్రతి ఇంటికీ తెలిసిన నియమం ఒకటుంది. ఆశ్రయానికి వెళ్లే టైమ్ లేకపోతే, నీకూ వీధికీ మధ్య రెండు గోడలుండే చోట నిలబడాలి. మొదటి గోడ పేలుడు తాకిడిని ఆపుతుంది, రెండోది మొదటి గోడ నుంచి ఎగిరొచ్చే ముక్కలను ఆపుతుంది. కిటికీలు లేని ఆ నడవా సరిగ్గా అలాంటిది. క్షిపణి నేరుగా పడితే నడవా కాపాడదు. వీధిలో పడితే కాపాడుతుంది. నేరుగా పడే అవకాశం వీధిలో పడే అవకాశం కంటే చాలా తక్కువ. బూజు మాత్రం నూటికి నూరు పాళ్లు ఖాయం. ఈ మాట దగ్గర అందరూ ఒప్పుకున్నారు.

నడవా గాలి ఎలా ఉంటుందనేదానికి సమాధానం చలికాలమే ఇచ్చింది. ఇది సిబ్బందికి మొదట నమ్మశక్యంగా అనిపించలేదు. బయట మీటరు 90 శాతం చూపిస్తోంది, నేలమాళిగలో 80. మరి బయటి గాలి లోపలికి వస్తే తడి పెరగదా? పెరగదు. మీటరు చూపించే శాతం, ఆ చలిలో గాలి మోయగలిగిన నీటిలో ఎంత మోస్తోందో చెబుతుంది. చల్లటి గాలి మోసేదే తక్కువ. బయట సున్నా డిగ్రీల దగ్గర 90 శాతమంటే ఘనమీటరుకు నాలుగున్నర గ్రాముల లోపే నీరు. నేలమాళిగలో 12 డిగ్రీల దగ్గర 80 శాతమంటే ఎనిమిదిన్నర గ్రాములు, దాదాపు రెట్టింపు. అదే బయటి గాలి హీటింగ్ లేని నడవాలోకి వచ్చి ఆరు డిగ్రీలకు చేరితే దాని తేమ 60 శాతం దగ్గర నిలబడుతుంది. నేలమాళిగలోకి పోయి 12 డిగ్రీలకు వేడెక్కితే 40 దగ్గరికి పడిపోతుంది. చెక్కకు ఆ దిగుడు మరీ ఎక్కువ. అందుకే నేలమాళిగను గాలితో ఆరబెట్టడం కంటే వస్తువులనే నడవాకు మార్చడం మేలైంది. ఏ యంత్రమూ లేకుండా, పైసా ఖర్చు లేకుండా మాకు కావలసిన 60 అక్కడ దొరికింది.

80 నుంచి 60కి ఒక్కసారిగా దించినా పెచ్చులు లేస్తాయి. కాబట్టి ప్రతి ఐకాన్‌నూ రెండు మూడు నూలు దుప్పట్లలో చుట్టి పైకి తెచ్చారు. నూలు తనలోని తేమను మెల్లగా వదులుతుంది, లోపలి చెక్కకు ఆ మార్పు వారాల మీద తెలుస్తుంది. దుప్పట్లు ఒక్కొక్కటిగా తీశారు. పెచ్చులు లేచినవాటిని నిలబెట్టలేదు. బొమ్మ పైకి వచ్చేలా పళ్లేల్లో పడుకోబెట్టి, కదిలించకూడదని పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. ఊడిన ముక్కలను చిన్న కాగితపు పొట్లాల్లో వేసి, ఏ ఐకాన్ ఏ మూల నుంచి ఊడిందో రాశారు. జిగురుతో అంటించాలని సిబ్బంది తహతహలాడారు, నేను ఒప్పుకోలేదు. జంతువుల ఎముకల నుంచి, చేపల నుంచి తీసిన జిగురు చెమ్మగాలిలో బూజుకు మేత. ల్యాబ్ లేని చోట, చలిలో, బ్యాటరీ దీపం వెలుతురులో ఆ పని మొదలుపెట్టకూడదు.

బూజు పట్టినవాటిని మొదట వేరుచేసి, కొంచెం ఆరాక, మాస్కు, గ్లౌజులు వేసుకుని మెత్తటి కుంచెతో బయటి వైపుకు దులిపించాను. తడి గుడ్డతో తుడవొద్దు, ఇంట్లో వాడే క్రిమిసంహారకాలు తాకించొద్దు అని రెండుసార్లు రాసి పంపాను. రుష్నిక్‌లకైతే నీళ్లంటేనే భయం. ఎర్ర దారం రంగు తెల్లటి నారలోకి దిగితే ఇక పోదు. వాటిని మడతలు విప్పి, బట్ట చుట్టిన అట్ట గొట్టాల మీద చుట్టించాం.

ఇనుప పనిముట్లు నేలమాళిగలోనే ఉండిపోయాయి. వాటిని మూతలు గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెల్లో సిలికా జెల్‌తో మూయించాం. విరాళంగా వచ్చిన సిలికా జెల్‌ను గది మూలల్లో పళ్లేల్లో పోయాలని మొదట అనుకున్నారు. గది మొత్తానికి అది ఏ మూలకూ చాలదు, మూసిన పెట్టెలోనే పనిచేస్తుంది. అది తేమ పీల్చి రంగు మారగానే గ్యాస్ ఓవెన్‌లో ఎండబెట్టి మళ్లీ వాడేవారు. కుండలకు ఏ బెంగా లేదు, వాటిని నేల మీద నుంచి ఎత్తి అరల్లో పెడితే చాలు.

మరో రెండు నిర్ణయాలు మ్యూజియం పెద్దలవే. భవనం పై అంతస్తును కాపలాకు వాడుకుంటామని కొందరు అడిగితే వాళ్లు కుదరదన్నారు. 1954 హేగ్ ఒప్పందం ప్రకారం సాంస్కృతిక ఆస్తిని దాడికి గురిచేసేలా వాడకూడదు. ఆ బాధ్యత సొంత దేశం మీద కూడా ఉంటుంది. ఆ ఒప్పందం కింద రక్షణ ఉన్న సాంస్కృతిక ఆస్తిని తెలిపే నీలి కవచం గుర్తును భవనానికి పెట్టాలా వద్దా అన్నదాని మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. గుర్తు రక్షణ ఇస్తుందని కొందరు, గురి చూపిస్తుందని కొందరు. దాని మీద నేను అభిప్రాయం చెప్పలేదు. అది అక్కడ ఉండేవాళ్లు తేల్చుకోవలసిన విషయం.

జాబితా

వస్తువులను పైకి తెస్తున్నప్పుడే ప్రతిదాన్నీ ఫోన్‌తో ఫొటో తీయించాం. ముందు, వెనక, నాలుగు అంచులు, పక్కన కొలత స్కేలు, ఇన్వెంటరీ నంబరు. పని రెట్టింపైందని సిబ్బంది విసుక్కున్నారు. చలిలో వేళ్లు కొంకర్లు పోతుంటే ఎవరికైనా విసుగే. అప్పుడే హెర్సన్ వార్త వచ్చింది. 2022 అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో రష్యా సేనలు ఆ నగరాన్ని వదిలి పోయేముందు అక్కడి ఆర్ట్ మ్యూజియం నుంచి పది వేలకు పైగా కళాఖండాలను లారీల్లో క్రిమియాకు తరలించాయి. సింఫెరొపోల్‌లోని ఒక మ్యూజియంలో తీసిన ఫొటోలు బయటికొచ్చినప్పుడు, హెర్సన్ సిబ్బంది తమ రికార్డులతో పోల్చి ఒక్కో చిత్రాన్నీ గుర్తుపడుతున్నారు. ఆ తర్వాత మా మ్యూజియంలో ఎవరూ విసుక్కోలేదు.

ఐకాన్‌కు ముందువైపు ఫొటో ఉంటే చాలదని నేను పట్టుబట్టింది కూడా అందుకే. ఒకే పవిత్ర చిత్రాన్ని వందల మంది గీశారు. ముందువైపు చూస్తే రెండు ఐకాన్లు ఒకేలా ఉండొచ్చు. వెనక చెక్క పగుళ్లు, పురుగు తొలిచిన రంధ్రాలు, పాత మేకులు మాత్రం ఏ రెండింటికీ కలవవు. రేపు వేలంలో కనిపిస్తే, కోర్టులో చూపించాల్సి వస్తే, పనికొచ్చేది ఆ వెనకవైపే. టింబక్టు సమాధి మందిరాలను కూల్చినందుకు 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒక వ్యక్తికి తొమ్మిదేళ్ల శిక్ష వేసింది. సాంస్కృతిక విధ్వంసం ఇప్పుడు నేరంగా రుజువు చేయగలిగిన విషయం, సాక్ష్యం ఉంటే.

ఫైళ్ల నుంచి లొకేషన్ సమాచారం తీసేశాక రెండు కాపీలు చేసి, ఒకటి దేశం బయట పెట్టారు. ఏది ఏ అరలో ఉందో చెప్పే పట్టికను మాత్రం ఆ ఫొటోలతో కలపలేదు. అది కాగితం మీద, ఇద్దరి దగ్గర మాత్రమే ఉంది. పోయినదాన్ని వెతకడానికి పనికొచ్చే జాబితాయే, తప్పుడు చేతుల్లో పడితే దోచుకోవడానికీ దారి చూపిస్తుంది.

ఫలితం

చలికాలం చివర్లో పక్క వీధిలో పేలుడు జరిగింది. ముందు హాళ్ల కిటికీలన్నీ పగిలాయి, ఒక తలుపు ఊడిపడింది. నడవాలో దుమ్ము తప్ప ఏమీ లేదు. బూజు కొత్తగా పాకలేదు. నష్టం లేదని అనలేను. నాలుగు ఐకాన్ల మీద రంగు పోయింది, అందులో ఒకదాని మీద ముఖం దగ్గరే. ఒక చర్చి పుస్తకంలో కొన్ని పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటిని విడదీసే ప్రయత్నం అక్కడ చేయొద్దన్నాను.

ఏప్రిల్‌లో లెక్క తిరగబడింది. బయట 20 డిగ్రీల దగ్గర 60 శాతం ఉన్న గాలి, 12 డిగ్రీల నేలమాళిగలోకి వస్తే దాదాపు 97 శాతానికి చేరి గోడల మీద నీళ్లుగా పడుతుంది. ఎండ బాగుంది కదా అని తలుపులు తెరవడం అక్కడ సహజమైన అలవాటు. ముందే హెచ్చరించడంతో పగలు మూసి, తెల్లవారుజామున మాత్రమే కాసేపు తెరిచారు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్న పద్ధతి

ఇప్పుడు ఏ మ్యూజియం నుంచి పిలుపు వచ్చినా, ఏం దాచాలి అని అడిగేముందు ఎన్నాళ్లు దాచాలి అని అడుగుతున్నాను. వారానికి సరిపోయే ఏర్పాటు, ఏడాదికి సరిపోయే ఏర్పాటు వేర్వేరు. మొదటిదాన్ని రెండోదిగా మార్చే తేదీ ముందే రాసుకోమంటున్నాను. పాలిథిన్‌ను అత్యవసర రోజుల్లో వద్దనను, ఎప్పుడు విప్పాలో దాని మీదే రాయమంటాను.

కరెంటు ఉంటేనే పనిచేసే పరికరాన్ని విరాళంగా పంపేవాళ్లకు, దాని బదులు లాగర్లు, నూలు దుప్పట్లు, మూతలున్న పెట్టెలు పంపమని చెబుతున్నాను. లాగర్ లేకపోతే ఆశ్రయం రాత్రుల సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు, గోడలనే నిందిస్తూ ఉండేవాళ్లం.

మన దగ్గర కూడా తుఫాను హెచ్చరిక రాగానే రాతప్రతులను బీరువాల్లో కుక్కి, పాలిథిన్ కప్పి, తాళం వేసి వెళ్లిపోయే గ్రంథాలయాలు చాలా ఉన్నాయి. వాటికి నేను ఈ కేసులోని రెండు అంకెలే చూపిస్తున్నాను: బయట 90, లోపల 80, అయినా బయటి గాలే పొడిది. చాలామంది అక్కడే ఆగి, తమ గదిలో ఉష్ణోగ్రత ఎంతో మొదటిసారి కొలుస్తున్నారు.

ఆ నాలుగు ఐకాన్లు ఇప్పటికీ పళ్లేల్లోనే ఉన్నాయి. ఊడిన ముక్కల పొట్లాలు వాటి పక్కనే ఉన్నాయి. అంటించే పనికి ఆ దేశపు ఐకాన్ నిపుణులే రావాలని నిర్ణయించారు, నేనూ అదే కోరుకున్నాను. భద్రంగా చేరగలిగే ల్యాబ్ ఖరారయ్యేదాకా నెలనెలా రీడింగ్‌లు వస్తున్నాయి, చూస్తున్నాను.